బరువు చూశాను, నోరు చూడలేదు

రిటైరైన నర్సమ్మను ఎవరు కదిలించినా కాన్పు కథలే చెబుతుంది. వాగు పొంగిన నాడు ట్రాక్టర్ తొట్టిలో పోసిన పురుడు, కవలలని తెలియక ఒక్క గుడ్డే సిద్ధం చేసుకున్న పురుడు, నా దగ్గరా అలాంటివి చాలా ఉన్నాయి. వాటిని ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ వాగులో నీళ్ళు ఇంకో మూరెడు పెరిగాయి. ఇప్పుడు రాస్తున్నది మాత్రం నేను ఎవరికీ చెప్పుకోనిది. ఇందులో వాగూ లేదు, నా సాహసమూ లేదు. ఉన్నవల్లా ఒక పసిపిల్ల పాలపళ్ళు, వాటి విషయంలో నేను చేసిన తప్పు.

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఏఎన్ఎంలు, ఆశాలు ఎవరైనా చదువుతారనే రాస్తున్నాను. మీకు ట్రైనింగులు ఎక్కువ, ఫోన్లలో వీడియోలు ఎక్కువ. నాకంటే మీకు చాలా తెలుసు. కానీ తెలిసినదాన్ని పక్కన పెట్టే రోజు మీకూ వస్తుంది. నాకు ఆ రోజు ఎలా వచ్చిందో చెబుతాను.

జమ్మికుంటకు దగ్గరలో ఒక ఊళ్ళో సబ్ సెంటర్ నాది. మా అవ్వ మిషన్ దవాఖానలో బతుకంతా ఆయాగా పనిచేసింది. ఆమె దృష్టిలో తెల్లచీర కట్టిన నర్సు దేవదూత తరవాత మనిషి. నాకు ఉద్యోగం వచ్చిన వారం చర్చిలో లేచి నిలబడి, కన్నీళ్ళతో సాక్ష్యం చెప్పింది. ఆ గొప్ప కొంత నా నెత్తికి కూడా ఎక్కింది. ఊళ్ళో అందరూ సిస్టరమ్మా అని పిలుస్తుంటే, నేను చెప్పిన మాటకు సర్పంచు కూడా తల ఊపుతుంటే, దిగడం కష్టం.

ఆ రోజుల్లో మా పనికి కొలబద్ద బరువు. పుట్టిన పిల్ల ఎంత తూగింది, ఆరు నెలలకు ఎంత, ఏడాదికి ఎంత. ప్రతి పిల్లకూ ఒక కార్డు, కార్డులో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల పట్టీలు. బరువు చుక్క ఎర్రపట్టీలో పడితే ఆ నెల పీహెచ్‌సీ మీటింగులో నాకు చీవాట్లు. ఆకుపచ్చలో పడితే ఎవరూ ఏమీ అడగరు. అందుకని మేమంతా పిల్లల్ని తూకంలో చూడడం నేర్చుకున్నాం. పిల్ల నవ్వుతోందా ఏడుస్తోందా అన్నది తరవాతి సంగతి.

మా ఊళ్ళో ఒక అమ్మాయి పత్తి మిల్లులో కూలీ. అంతకుముందు ఒక కాన్పు పోయింది. రెండో కాన్పులో ఆడపిల్ల పుట్టింది, నెలలు నిండకముందే. రెండు కిలోలు కూడా తూగలేదు. ఆ పిల్లను బతికించుకోవడానికి ఆ తల్లి పడ్డ పాట్లు నేను కళ్ళారా చూశాను. రొమ్ముకు ఆనించుకుని, చీర కొంగులో చుట్టుకుని, కోడి గుడ్డును పొదిగినట్టు మూడు నెలలు కూర్చుంది. పిల్ల బతికింది. బరువు మాత్రం రాలేదు. ఏడో నెలలో కూడా చుక్క ఎర్రపట్టీలోనే.

దసరా దాటగానే మా వైపు దారులన్నీ తెల్లబడతాయి. బండ్ల నుంచి, ట్రాలీల నుంచి రాలిన పత్తి తుమ్మకంపకు అంటుకుని ఉంటుంది. మిల్లులు మొదలవుతాయి. ఆ అమ్మాయి కూడా పనికి పోవలసి వచ్చింది. ఒకనాడు పొద్దున్నే పిల్లను ఎత్తుకుని సబ్ సెంటర్‌కు వచ్చింది.

"సిస్టరమ్మా, గిన్నె చెంచతోటి తాపితే సగం పాలు ఒలికిపోతున్నయి. మా అత్తకు కండ్లు సరిగ కానరావు. నేను పొద్దుగాల పోతే పొద్దుమీకిందాంక రాను. బిడ్డ ఇంకింత ఎండిపోతదేమో అని ఫికరైతుంది."

నేను కార్డు చూశాను. ఆ శుక్రవారమే మీటింగు.

"సీసా పెట్టు," అన్నాను. "పాలల్ల చెంచెడు చక్కెర కలుపు. పండుకోవెట్టేటప్పుడు గూడ సీసా నోట్లనే ఉండనియ్యి. నిద్రల పిల్లలు మంచిగ తాగుతరు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "సీసా వద్దని నువ్వే అంటివి గద?"

"అది వేరేటోళ్ళకు. నీ బిడ్డ సంగతి వేరు. ముందుగాల బరువు రావాలె."

పక్కన అంగన్‌వాడీ టీచరు కూర్చుని పేర్లు రాసుకుంటోంది. నాకంటే పదిహేనేళ్ళు చిన్నది, నోరు కొంచెం ఎక్కువ. "సీసా వద్దని మనమే గోడకు పోస్టర్ అతికిస్తిమి అక్కా," అంది. "పోస్టర్ బరువు పెంచుతదా?" అన్నాను నేను. ఆమె నవ్వేసి ఊరుకుంది. నాకు ఆ రోజు ఆ జవాబు చాలా తెలివైనదిగా తోచింది.

బరువు పెరిగింది. అబద్ధం చెప్పను, బాగా పెరిగింది. రెండు నెలల్లో చుక్క పసుపులోకి వచ్చింది. మరి కొన్నాళ్ళకు ఆకుపచ్చలోకి ఎక్కింది. ఆ పిల్ల బుగ్గలు చూసి ఊరు ఆశ్చర్యపోయింది. నేను కార్డును మీటింగుకు తీసుకుపోయి మా డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన నలుగురికీ చూపించి, "పని అంటే ఇట్లుండాలె," అని చప్పట్లు కొట్టించారు. నేను తల వంచుకుని కూర్చున్నాను కానీ లోపల గంతులు వేస్తున్నాను. ఆ తరవాత ఇంకో నాలుగిళ్ళలో కూడా అదే సలహా చెప్పాను. ఒకసారి చప్పట్లు విన్న చెవి ఊరుకోదు.

పిల్లకు ఏడాది దాటింది. టీకాకు తెచ్చినప్పుడు తల్లి అంది, "పైపండ్ల మొదట్ల సున్నం గీత లెక్క తెల్లగున్నది సిస్టరమ్మా. బట్టతోటి తుడిస్తె పోతలేదు."

నేను ట్యాబ్‌లో పేర్లు ఎక్కిస్తున్నాను. తల ఎత్తలేదు. "పాలు తాగే పిల్ల గద, పాలగీత అయి ఉంటది. ఏం కాదు," అన్నాను.

పంటి మొదట్లో ఆ తెల్లగీత పన్ను పాడవుతోందనడానికి తొలిగుర్తు. అక్కడ ఆపగలిగితే పన్ను మళ్ళీ గట్టిపడుతుంది. నాకు అప్పుడు తెలియదు. తెలియకపోవడం పెద్ద తప్పు కాదు. పెదవి ఎత్తి చూడడానికి ఏ చదువూ అక్కర్లేదు, కన్ను ఉంటే చాలు. అది చేయకపోవడమే నా తప్పు.

మరో ఆరు నెలలకు గీత గోధుమరంగుకు తిరిగింది. ఈసారి అత్త కూడా వచ్చింది. "ఏందమ్మా ఇది, పొల్ల పండ్లు మసిబారినట్టు అయితున్నయి?" అని అడిగింది. నా దగ్గర జవాబు తయారుగా ఉంది. "ఐరన్ మందు తాపుతున్నరు గద, దాని మరక. భయం లేదు. పాలపండ్లేనాయె, ఊడిపోయి కొత్తవి వస్తయి."

ఐరన్ చుక్కలు పళ్ళను నల్లబరిచే మాట నిజమే. సగం తెలిసినవాళ్ళ చేతికి ఒక నిజం దొరికితే దానితో ఎన్నిటినైనా కప్పేస్తారు. ఆ ముసలామె వెంటనే ఐరన్ మందు ఆపేసింది. సీసా ఆపలేదు. మరక పోలేదు, రక్తం తగ్గింది.

తరవాత పిల్ల తినడం మానేసింది. అన్నం ముద్ద నోట్లో పెట్టగానే ఏడ్చేది. చల్లనివి తాగితే ఏడ్చేది. బరువు చుక్క కిందికి జారింది. నాకు కోపం వచ్చింది, పిల్ల మీద కాదు, తల్లి మీద. "ఇంత కష్టపడి ఎక్కిచ్చినం, మళ్ళ దించుతున్నవా? తినకపోతే చాయ్‌ల బిస్కెట్లు నానవెట్టి పెట్టు. సీసాల ఇంకో చెంచ చక్కెర వెయ్యి," అన్నాను. ఆమె సరేనంది. నేను చెప్పిన ప్రతిదానికీ ఆమె సరేననేది.

నా మాటతో పని కాకపోవడంతో అత్త పిల్లను అంగడికి తీసుకుపోయింది. అక్కడ పంటి పురుగులు తీసే ఆడమనిషి కూర్చునేది. నిప్పుల మీద ఏవో గింజలు వేసి, గొట్టంతో పొగ పట్టి, చివరికి తెల్లటి పురుగులు ఆకు మీద రాల్చి చూపిస్తుంది. పిల్ల నోట్లోంచి అయిదు పురుగులు తీసిందట. అవి ఆమె వేసే గింజల్లోంచే వస్తాయని ఎవరికీ తెలియదు. ఈ సంగతి తెలిసి నేను ఆ ముసలామెను పది మందిలో తిట్టాను. "మూఢనమ్మకాలు" అన్నాను. ఆ అంగడి మనిషి ఆకు మీద పురుగులు చూపించి నమ్మించింది, నేను కార్డు మీద చుక్క చూపించి నమ్మించాను. మా ఇద్దరిలో నాకే జీతం వచ్చేది.

ఒక బుధవారం, టీకాల రోజు. సబ్ సెంటర్ నిండా తల్లులు, పిల్లల ఏడుపులు. పిల్లకు అప్పటికి రెండేళ్ళు దాటాయి. ఆటో ఆగింది. తల్లి తువ్వాలులో చుట్టిన పిల్లను ఎత్తుకుని, వరుసలో ఉన్నవాళ్ళను తోసుకుంటూ నేరుగా నా దగ్గరికి వచ్చింది.

తువ్వాలు తీశాను. ముఖం ఎడమపక్క పొంగిపోయింది. పై పెదవి నుంచి కన్ను దాకా ఒకటే వాపు, చర్మం ఎర్రగా బిగుసుకుని మెరుస్తోంది. ఎడమకన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. పిల్ల ఏడవడం లేదు. ఏడ్చే పిల్లకు నేను ఎన్నడూ భయపడలేదు, ఏడవని పిల్లను చూసి ఆ రోజు భయపడ్డాను.

పుట్టినప్పటి నుంచి ఆ పిల్లను నెలనెలా తూచాను. ఆ రోజు మొదటిసారి దాని పై పెదవి ఎత్తాను. ముందరి నాలుగు పళ్ళ స్థానంలో నల్లటి మొదళ్ళు మిగిలాయి. వాటి పైన చిగుళ్ళలో చీముగడ్డ. ఆ వాసన నాకు తెలుసు, కుళ్ళిన పుండ్లకు కట్లు కట్టినప్పుడు వచ్చే వాసన. పసిపిల్ల నోట్లోంచి అది వస్తుందని నేను అనుకోలేదు.

డాక్టరు గారికి ఫోన్ చేస్తే, "క్షణం ఆగకు, కరీంనగర్ తీసుకపో," అన్నారు. 108 వచ్చింది. టీకాలు ఆపి, తల్లులను పంపే పని అంగన్‌వాడీ టీచరుకూ, ఆశ కార్యకర్తకూ అప్పగించి నేనూ ఎక్కాను. దారి పొడుగునా ఆ తల్లి ఒకే మాట అడిగింది. "కన్ను వస్తదా సిస్టరమ్మా? బిడ్డకు కన్ను వస్తదా?" వస్తది బిడ్డా, వస్తది అంటూనే ఉన్నాను. నాకేం తెలుసని అన్నాను? నేను లోలోపల దేవుణ్ణి వేడుకుంటున్నాను. ఆ పిల్ల కన్ను కోసం వేడుకున్నాను. దాంతోపాటు ఈ సీసా సంగతి బయటికి రాకూడదని కూడా వేడుకున్నాను. రెండూ ఒకే ప్రార్థనలో కలిసిపోయాయి, దాచుకోవడం దేనికి?

దవాఖానలో పిల్లల డాక్టరు చూసి వెంటనే నరానికి మందు ఎక్కించడం మొదలుపెట్టారు. పళ్ళ డాక్టరును పిలిపించారు. ఆయన వయసులో చిన్నవాడు. పెదవి ఎత్తి చూశాడు. తరవాత మాకు అర్థమయ్యేలా చెప్పాడు. పంటి వేరులోంచి చీము పైకి పాకి కంటి చుట్టూ చేరింది. అక్కడి నుంచి మెదడుకు పోతే పిల్ల దక్కదు. ముందు మందులతో వాపు తగ్గించాలి, ఆ వెంటనే మత్తిచ్చి పళ్ళు తీసేయాలి.

ఆయన తల్లి వైపు తిరిగాడు.

"సీసా పెడుతున్నవా?"

"పెడుతున్న సారు."

"పండుకున్నప్పుడు గూడ?"

"ఆ."

"చక్కెర వేసి?"

"వేసే."

ఆయన గొంతు లేచింది. "ఎవ్వరు చెప్పిండ్రమ్మా నీకు గిట్ల చెయ్యమని? తల్లివేనా నువ్వు?"

ఆమె తల ఎత్తి నా వైపు చూసింది. చూసి, దించుకుంది.

"ఎవ్వలు చెప్పలే సారు," అంది. "నాకే తెల్వక పెట్టిన."

నేను అక్కడే నిలబడి ఉన్నాను, మూడడుగుల దూరంలో. నా చేతిలో ఆ పిల్ల కార్డు ఉంది. దాన్ని మడిచి సంచిలో పెట్టుకున్నాను. అంతే చేశాను. ఆ డాక్టరు నా దగ్గరికి వచ్చి, "సిస్టర్, మీరు కాబట్టి గింత తొందరగ తెచ్చిండ్రు. రేపు తెస్తే చేతుల ఉండకపోతుండె," అన్నాడు. థ్యాంక్స్ సార్ అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది, నేనే విన్నాను.

మర్నాడు పళ్ళు తీశారు. ముందరి నాలుగూ పోయాయి. రెండు దవడపళ్ళకు గుంతలు పడితే సిమెంటు పెట్టారు. మూడో రోజు పొద్దున నేను వార్డులోకి వెళ్ళేసరికి పిల్ల తల్లి ఒళ్ళో కూర్చుని ఉంది. ఎడమకన్ను సన్నగా తెరుచుకుంది. తల్లి తన వేలిని అటూ ఇటూ తిప్పుతుంటే ఆ కన్ను వేలి వెంట తిరిగింది. నేను వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని ఏడ్చాను. పిల్లను చూడవచ్చిన ఊళ్ళోవాళ్ళు అది చూసి సిస్టరమ్మకు పిల్ల మీద ఎంత ప్రేమ అనుకున్నారు.

వారం తరవాత ఒక్కదాన్నే ఆ పళ్ళ డాక్టరు దగ్గరికి పోయాను. ఊళ్ళో తల్లులకు చెప్పాలి, కాస్త నేర్పించండి సార్ అని అడిగాను. ఆయన చాలా ఓపికగా చెప్పాడు. నిద్రలో నోట్లో ఉమ్మి ఊరడం తగ్గుతుంది, అందుకని తీపిపాలు పై పళ్ళ చుట్టూ గంటల తరబడి నిలిచిపోతాయి. కింది పళ్ళను నాలుక కప్పుతుంది కాబట్టి అవి కొంత తప్పించుకుంటాయి. పళ్ళు రాకముందే పాలు తాగాక తడిగుడ్డతో చిగుళ్ళు తుడవాలి. తొలి పన్ను కనబడిన నాడే మెత్తటి బ్రష్ పట్టాలి, దాని మీద బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టు చాలు. నిద్రపుచ్చేటప్పుడు సీసా వద్దు, మరీ మారాం చేస్తే మంచినీళ్ళు. ఏడాది నిండేసరికి గ్లాసుకు మార్చాలి, ఆ లోపే ఒకసారి పళ్ళ డాక్టరుకు చూపించాలి. నానమ్మలు తాము ఎంగిలి చేసిన చెంచాతో పెట్టడం, నమిలి పెట్టడం మానుకోవాలి, వాళ్ళ నోటి క్రిములే పిల్లకు అంటుకుంటాయి. అన్నిటికంటే ముఖ్యం, నెలకోసారి పై పెదవి ఎత్తి చూసుకోవడం.

"పాలపళ్ళే కదా అని మనవాళ్ళు వదిలేస్తరు సిస్టర్," అన్నాడాయన. "ఆ మాట చెప్పెటోళ్ళను చూస్తె నాకు మస్తు కోపమొస్తది." నేను నోట్‌బుక్కులో అది కూడా రాసుకున్నాను.

నేర్చుకున్నది ఊళ్ళో చెప్పాలి. ఎలా చెప్పాలి? నిన్నటిదాకా సీసా పెట్టండని చెప్పిన మనిషి నేనే. అప్పుడు ముప్పై ఏళ్ళ సర్వీసు నాకొక ఉపాయం చెప్పింది. "పైనుంచి కొత్త ఆర్డర్ వచ్చింది," అన్నాను. "ఇకనుంచి పండుకున్నప్పుడు సీసా వద్దంట." తల్లులు విని తలలూపారు. మా ఊళ్ళో ఆర్డర్లకు ఉన్న విలువ నాకంటే వాళ్ళకే బాగా తెలుసు. వచ్చే నెల ఇంకో ఆర్డర్ వస్తుందిలే అనుకున్నారు. ఎవరూ సీసా మానలేదు. అంగన్‌వాడీ టీచరు మాత్రం నన్ను ఒంటరిగా పట్టుకుని, "ఆర్డర్ కాపీ చూపియ్యి అక్కా, గోడకు అతికిస్త," అంది. నేను ముఖం తిప్పుకున్నాను.

ఈలోపు ఊరు ఆ తల్లిని కాల్చుకు తింటోంది. పనికి ఆశపడి పిల్లను గాలికి వదిలేసిందన్నారు. సీసా మూతికి కట్టి పోయిందన్నారు. సీసా నా మాట మీదనే పెట్టానని ఆమె ఇంట్లో కూడా చెప్పలేదు, అత్తతో రోజూ గొడవ. ఆమె మిల్లు మానేసింది. పిల్ల ముందరి పళ్ళు లేక మాట సరిగా తిరగక, తోటి పిల్లలు బోసి అని వెక్కిరిస్తే ఇంట్లో దాక్కునేది. నేను ఆ ఇంటి ముందు నుంచి పోవలసి వస్తే పక్కసందులోంచి పోయేదాన్ని.

మూడు నెలలు అలాగే గడిచాయి. ఒకరోజు, నేను సలహా చెప్పిన నాలుగిళ్ళలో ఒక ఇంటికి పోయి, వాళ్ళ పిల్లవాడి పెదవి ఎత్తాను. పళ్ళ మొదట్లో తెల్లగీత. వాడి పక్కనే మంచం మీద సగం తాగిన సీసా. ఆర్డర్ వచ్చిందని చెప్పాను గదా అని ఆ తల్లిని గద్దించబోయాను. ఆ సీసా పెట్టమన్నది నేనేనని గుర్తొచ్చి ఆగాను.

ఆ నెల తల్లుల సమావేశం అంగన్‌వాడీలో జరిగింది. ఆ అమ్మాయి కూడా వచ్చింది, గడప దగ్గర పిల్లను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను పళ్ళ గురించి మొదలుపెట్టగానే ఎవరో వెనక నుంచి అన్నారు, "తల్లి ఇంటిపట్టున లేకపోతె గిట్లనే అయితది." కొందరు నవ్వారు. అత్త కూడా, "గదే నేను మొత్తుకునేది," అంది. ఆ అమ్మాయి తల ఎత్తలేదు.

"ఆమె తప్పు లేదు," అన్నాను. నవ్వుల్లో వినబడలేదు, మళ్ళీ గట్టిగా అన్నాను. "సీసా పెట్టుమన్నది నేను. చక్కెర వెయ్యిమన్నది నేను. పండ్ల మీద గీత ఉన్నదని అత్తకోడండ్లు రెండుసార్లు నాకు చెప్పిండ్రు. నేను నోరు తెరిపిచ్చి చూడలే. ఆర్డర్ గీర్డర్ ఏం రాలే. నేను తప్పు చెప్పిన, గంతే."

ఆ ముసలామె, చూపు సరిగా ఆనని కళ్ళను నా గొంతు వచ్చిన వైపు తిప్పి అడిగింది.

"గట్లయితె ఇన్నొద్దులు నా కోడల్ని ఎందుకు తిట్టనిచ్చినవ్?"

ముప్పై ఏళ్ళలో నన్ను ఎందరో అధికారులు ప్రశ్నలు అడిగారు. ప్రతిదానికీ ఏదో ఒకటి చెప్పి బయటపడ్డాను. ఆ ముసలామె ముందు ఆ విద్య నడవలేదు.

గడప దగ్గర ఆ అమ్మాయి లేచింది. పిల్లను ఎత్తుకుని మధ్యలోకి వచ్చి నిలబడింది. బొటనవేలితో పిల్ల పై పెదవిని మెల్లగా పైకి ఎత్తింది. "చూడుండ్రి," అంది. "మంచిగ చూడుండ్రి. మీ పిల్లలవి గూడ చూసుకోండ్రి." పిల్ల సిగ్గుపడి తల్లి మెడలో ముఖం దాచుకుంది. ఒక్కొక్కరే తమ పిల్లల్ని ఒళ్ళోకి లాక్కుని పెదవులెత్తారు. ముగ్గురు పిల్లలకు తెల్లగీతలు కనబడ్డాయి. ఆ ముగ్గుర్నీ కరీంనగర్ తీసుకుపోయాం. వాళ్ళ పళ్ళు నిలబడ్డాయి. నా సర్వీసులో మంచిపని అని నేను నిజంగా నమ్మేది అదొక్కటే, అదీ నాది కాదు, ఆ తల్లిది.

జరిగినదంతా కాగితం మీద రాసి పీహెచ్‌సీ డాక్టరు గారికి ఇచ్చాను. మెమో వస్తుందని ఎదురుచూశాను. ఆయన చదివి, "ఎందుకమ్మా ఇవన్నీ, పిల్ల బాగనే ఉన్నది గద," అని బల్ల సొరుగులో పెట్టారు. శిక్ష పడితే కొంత తేలికయ్యేదేమో, అదీ దొరకలేదు.

ఒక సంగతి మాత్రం నన్ను చాలాకాలం ఓదార్చింది. ఆ రోజు పళ్ళ డాక్టరు అంత కోపంగా అడుగుతుంటే ఆ అమ్మాయి నా పేరు చెప్పలేదు. తన బిడ్డ చావుబతుకుల్లో ఉండగా కూడా నన్ను కాపాడింది. నా మీద ఆమెకు అంత గౌరవం, అంత ప్రేమ ఉందని అనుకున్నాను. ఆ మాట తలచుకుని ఎన్నిసార్లు కళ్ళు తుడుచుకున్నానో లెక్క లేదు.

మరుసటి ఏడాది నాకు బదిలీ అయింది. వెళ్ళే రోజు ఊరివాళ్ళు వచ్చి శాలువా కప్పారు. అందరూ వెళ్ళాక ఆ అమ్మాయి వచ్చింది. మళ్ళీ మిల్లుకు పోతోంది. పిల్ల ఇంటి దగ్గర గ్లాసుతో తాగుతోందట, పొద్దున, మాపున తానే బ్రష్ తెచ్చి ఇస్తుందట. నేను ఆమె చేయి పట్టుకుని అన్నాను, "బిడ్డా, ఒక్క మాట అడుగుతా. ఆనాడు దవాఖానల నా పేరు చెప్పకుండ నన్ను కాపాడినవ్. ఎందుకు?"

ఆమె కొంచెంసేపు ఆలోచించింది. జవాబు కోసం కాదు, చెప్పనా వద్దా అని.

"నీ మీద చెప్తె ఎట్ల సిస్టరమ్మా?" అంది. "మల్ల నా బిడ్డకు సూదికైనా, మందుకైనా నీ కాడికే రావాలె గద. ఊరికి నువ్వొక్కదానివేనాయె. నువ్వు కోపం వట్టుకుంటె నా బిడ్డను ఎవ్వలు చూస్తరు? భయమై చెప్పలే."

పట్టుకున్న ఆమె చేయి వదిలాను. అప్పుడు అడిగాను. "మరి ఇయ్యాల చెప్తున్నవ్?"

"ఇయ్యాల నువ్వు పోతున్నవ్ గద," అంది.